మూడో ప్రకటనకు అడ్డొచ్చిన ఎద్దు

ఇమ్మానియేలు మేస్టారి లెక్కల పేపరులో ఫెయిలవడం ఎంత కష్టమో, నూటికి నూరు తెచ్చుకోవడమూ అంతే కష్టమని పర్చూరు చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి లెక్క ఎవరికైనా వస్తుంది. పత్తి తీతలకు పోయి బడి ఎగ్గొట్టినవాడికీ వస్తుంది. రెండోది కాస్త బుర్ర గోక్కుంటే వస్తుంది. అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా పైకెక్కి, ఆఖరి లెక్క దగ్గరికొచ్చేసరికి క్లాసులో ఫస్టు వచ్చేవాడు కూడా పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంటాడు. మిగతా మేస్టర్లు పాత పేపర్లు ముందేసుకుని ఓ పూటలో తేల్చేసే పనికి ఈయన అన్నం సయించక, గడ్డం గీసుకోక, ఎదురైన మనిషిని పలకరించక రోజుల తరబడి తిరిగేవాడు. మొదటి లెక్కకే దెబ్బతిన్న పిల్లవాడు రెండోదాని వంక చూడడనీ, అన్నీ వచ్చేసిన పిల్లవాడు మళ్ళీ తన మొహం చూడడనీ ఆయన బాధ. అలాంటి బాధ ఒకటుంటుందని తోటి మేస్టర్లకు తెలియనే తెలియదు.

పుట్టింది పొదిలి అవతల మెట్ట పల్లెలో. తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్ళు. చిన్నప్పుడు ఓ ఎద్దు ఆయన్ని గట్టు వెంబడి తరిమి తరిమి చివరికి జిల్లేడు పొదలోకి నెట్టింది. తర్వాత మిషన్ హాస్టల్లో చదివి, బీఎస్సీ, బీఈడీ గట్టెక్కి, పర్చూరు పక్కన ఓ మిషన్ హైస్కూల్లో లెక్కల మేస్టారై, ఇస్త్రీ ప్యాంటూ చేతి గడియారమూ సంపాదించినా, రోడ్డు మీద ఎద్దు కనపడితే సైకిలు దిగి అవతలి వైపుకు పోవడం మాత్రం మానలేదు. పేపరు తయారుచేసే పిచ్చి, ఎద్దంటే భయం. ఆయన పెళ్ళి ఈ రెండింటి మధ్యనే ఇరుక్కుంది.

ఎనభై ఆరులో ఆ బడికి కంప్యూటరు వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. గవర్నమెంటు పంపింది, వచ్చింది. ట్రైనింగుకు వెళ్ళడానికి లెక్కల మేస్టారు తప్ప ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఇమ్మానియేలు గుంటూరు వెళ్ళి ఏదో నేర్చుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గారు దానికి ఓ గది కేటాయించి, కిటికీలకు తెరలు కట్టించి, మఖమల్ గుడ్డ కప్పించి, నాలుగు మూలలా నాఫ్తలీన్ ఉండలు పెట్టించారు. గది బయట చెప్పులు విడవాలి, కాళ్ళు కడుక్కోవాలి, లోపల తుమ్మకూడదు. మిరపకాయలు ఎండబెట్టే ఊళ్ళో తుమ్మకూడదని రూలు పెట్టడం ఆయనకే చెల్లింది. కొత్తలో అందరూ లోపలికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి, నల్లటి తెరను కాసేపు చూసి, తృప్తిగా బయటికొచ్చేవాళ్ళు.

ఇలా చూసి పోవడమేనా, ఇందులో కదిలేది ఏమీ లేదా అని ఒకసారి పై ఆఫీసరు ఒకాయన అడిగాడు. కదిలేదొకటి పెట్టమని హెడ్మాస్టరు ఇమ్మానియేలుకు హుకుం జారీ చేశారు. ఇమ్మానియేలు దానికి కదిలే బొమ్మ కాదు, ఏకంగా ఆట రాయడం మొదలుపెట్టాడు. ప్రోగ్రామంతా తెల్లకాగితాల మీద రాసేవాడు గానీ టైపు చేయాలంటే ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కీబోర్డు మీద చెయ్యంతా తిప్పేవాడు. అది చూడలేక ఎలిమెంటరీ సెక్షను టీచరు రెబ్కా ఆయన్ని లేవమని తను కూర్చుంది. ఆమె పర్చూరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యరు పాసైన మనిషి. ఆయన చెబుతుంటే వేళ్ళు టపటపలాడించి కొట్టేసేది. "కామా," అనేవాడాయన. "పెట్టాను," అనేది. "కోలను," అనేవాడు. "పెట్టాను," అనేది. ఇంతకంటే ప్రేమగా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నట్టు సాక్ష్యం లేదు. అయినా పొలాల్లో పత్తి పూత వచ్చేసరికి ఒకరు లేకుండా ఒకరికి తోచడం మానేసింది.

ఆటలో మూడు పొలాలు. మొదటిది పత్తి చేను. నెత్తిన గంప పెట్టుకున్న మనిషొకడు, చూడ్డానికి గుండ్రాయికి కాళ్ళొచ్చినట్టుంటాడు, కుక్కలను తప్పించుకుంటూ చేను దాటాలి. రెండోది మిరప కళ్ళం. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య సందుల్లోంచి పోవాలి. కాయల మీద కాలేస్తే మనిషి తుమ్ముతూ నిలబడిపోతాడు, ఈలోపు సుడిగాలి వచ్చి ఎత్తుకుపోతుంది. మూడోదాంట్లో దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఇరుకు దారి, ఒకటి వెడల్పు దారి. ఏ దారిన పోవాలో ఆడేవాడి ఇష్టం. రెండు దారులూ చివరికి గంప దించాల్సిన గోదాముకే పోతాయి. వెడల్పు దారి ఖాళీ. ఇరుకు దారిలో ఎద్దుంటుంది. తేలిక దారి ఒకటీ కష్టం దారి ఒకటీ ఇస్తే ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్ళు ఎంచుకుంటారని ఇమ్మానియేలు లెక్క వేశాడు. ఇరుకు దారే జీవానికి పోతుందన్న బైబిలు మాట వింటూ క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి ఆ దారిలో ఎద్దును పెట్టేముందు ఇంకాస్త ఆలోచించాల్సింది.

ఎందుకంటే రెబ్కా తండ్రి జక్రయ్య గారు ఆ ఊరి చర్చికి పాస్టరు. ఊరంతా అయ్యగారు అంటుంది. మైకు అక్కర్లేని గొంతు, ముక్కు మీద కోపం. పులిజూదంలో ఆయన్ని ఓడించినవాడు పర్చూరు నుంచి చీరాల దాకా లేడు. ఓడిపోవడం అనే పని ఆయనకు అలవాటు లేదు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో తనూ కూతురూ ఇద్దరే.

పిల్లనడగడానికి ఇమ్మానియేలు తరఫున హెడ్మాస్టరు గారు పెద్దమనిషిగా వెళ్ళారు. అబ్బాయి ఏం చేస్తుంటాడని అయ్యగారు తెలిసే అడిగారు. కంప్యూటరు చూస్తుంటాడని హెడ్మాస్టరు గొప్పగా చెప్పారు. అయితే అదేందో చూడాలని అయ్యగారు మర్నాడు మధ్యాహ్నం వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చున్నారు. గదిలో అప్పుడు ఇమ్మానియేలు, హెడ్మాస్టరు, గుమ్మం దగ్గర రెబ్కా ఉన్నారు. వీళ్ళు కాక, చీరాల నుంచి సైకిలు మీద నేత చీరల మూటతో వచ్చి టీచర్లకు వాయిదాల మీద చీరలమ్మే భావనారాయణ కూడా ఉన్నాడు. ఆ గది చల్లగా ఉంటుందని అక్కడ కూర్చోవడం అతనికి అలవాటు. అయ్యగారు గంప మనిషిని తీసుకుని పత్తి చేలోకి దిగారు. దిగీ దిగగానే మొదటి కుక్క పట్టుకుంది. మళ్ళీ దిగారు. అదే కుక్క. భావనారాయణ ఫక్కున నవ్వాడు.

ఇమ్మానియేలుకు తన తప్పు తెలిసొచ్చింది. ఆఫీసరు కోసం రాసిన ఆటలో మొదటి లెక్కే కష్టంగా పెట్టేశాడు. తన జన్మలో చేయని తప్పు అది.

అయ్యగారు లేచి నిలబడి, పంచె సర్దుకుని, చాలా నెమ్మదిగా చెప్పారు. "ముందీ ఆట సంగతి తేలనీ. ఆ తర్వాత పిల్ల సంగతి."

దాన్ని ఆయన వెనక్కి తీసుకునే రకం కాదు. మూడు పొలాలు, మూడు ప్రకటనలు అని తర్వాత ఆయనే పద్ధతి తేల్చారు. ఆ సంఘంలో పెళ్ళి చేయాలంటే మూడు ఆదివారాలు ఆరాధనలో పెళ్ళి ప్రకటన చదవాలి. ఫలానా వాడికీ ఫలానా పిల్లకీ పెళ్ళి, ఎవరికైనా ఆక్షేపణ ఉంటే చెప్పండి అని అడగాలి. ఒక్కో పొలం దాటిన వారం ఒక్కో ప్రకటన చదువుతానన్నారాయన. సంఘ కట్టుబాటు ప్రకారం మొదటి ప్రకటన నుంచి మూడు నెలలు దాటితే చదివినవన్నీ చెల్లవు, మళ్ళీ మొదటికే రావాలి. కూతురి పెళ్ళిని కుక్కలకూ సుడిగాలికీ ముడిపెట్టడమేమిటని హెడ్మాస్టరు అడగబోయి, ఆయన మొహం చూసి మానుకున్నారు.

ఇమ్మానియేలు మొదటి పొలాన్ని పేపరు దిద్దినట్టు దిద్దాడు. మొదటి కుక్కను నిద్రపుచ్చాడు. రెండోదాన్ని కుంటిదాన్ని చేశాడు. మూడోదాన్ని మాత్రం అలాగే ఉంచాడు. అన్నీ తేలికైతే అయ్యగారు పసిగడతారు, తనకు ఎంగిలి గెలుపు పెట్టారని కోప్పడతారు. ఓడిపోయిన ప్రతిసారీ ఇంకొక్క అడుగు ఎక్కువ పోయానని అనిపించాలి, ఇంకొక్కసారి ఆడితే అయిపోతుందని అనిపించాలి. దాని కోసం రెబ్కా టైపు కొట్టి కొట్టి వేళ్ళు విరుచుకునేది.

ప్రాణాల దగ్గర పెద్ద గొడవే అయింది. గంప మనిషికి ఎన్ని ప్రాణాలుండాలన్నది ప్రశ్న. మనిషికి ఒకటే జీవితం, పోతే తీర్పేనని అయ్యగారు తేల్చేశారు. అదేం లెక్క, ఒక జన్మలో ఎవరైనా గోదాముకు చేరగలడా, ఏడన్నా ఉండాలని భావనారాయణ చీరల మూట మీద కూర్చుని వాదించాడు. ఎన్ని జన్మలెత్తినా బుద్ధి రాకపోతే ఎట్టా అని ఆయన, మరి మీకు మొదటి కుక్క దగ్గరే అయిపోయిందిగా అని ఇతను. మధ్యలో ఇమ్మానియేలుకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వాటిని ప్రాణాలు అనకుండా అవకాశాలు అందామని రెబ్కా చెప్పింది. ప్రకటనలూ మూడేగా, అవకాశాలూ మూడు. దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అవకాశాలైనా ప్రాణాలైనా కుక్కకు తేడా తెలియదు.

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే అయ్యగారు పత్తి చేను దాటారు. ఆ ఆదివారం చర్చిలో మొదటి ప్రకటన మోగిపోయింది. బయట బండ్లకు కట్టిన గిత్తలు కూడా తలెత్తి చూసి ఉంటాయి. మిరపకోతల నాటికి రెండో పొలం మీద పడ్డారు. బయట నిజం కళ్ళాల్లో నిజం మిరపకాయలు ఎండుతుండేవి. గాలి అటు తిరిగితే తెర మీద గంప మనిషీ కుర్చీలో అయ్యగారూ ఒకేసారి తుమ్మేవాళ్ళు. హెడ్మాస్టరు గారు రూలు గుర్తుచేయడానికి నోరు తెరిచి తనూ తుమ్మేవారు. ఏదైతేనేం, కళ్ళం కూడా దాటారు. రెండో ప్రకటన అయిపోయింది. భావనారాయణ రెబ్కా కోసం పెళ్ళి తెల్లచీర నేయించి తెచ్చి, అడిగినప్పుడు ఇస్తానని మూటలోనే ఉంచుకున్నాడు.

అక్కడ ఆగిపోయింది.

అయ్యగారికి ఇప్పుడు వేళ్ళలో పాదరసం పోసినట్టుంది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి, కుక్కల్ని చూడకుండానే దాటేవారు, మిరపకాయల మధ్య నాట్యం చేసినట్టు పోయేవారు. మూడో పొలం రాగానే ఇరుకు దారి పట్టేవారు, ఎద్దు వచ్చి ఎత్తి పడేసేది. మూడు అవకాశాలూ అయిపోయేవి. చెమటకు వేలు జారిందని ఒకరోజు, కళ్ళజోడు మసకేసిందని ఒకరోజు, కిటికీ ఎండ తెర మీద పడిందని ఒకరోజు చెప్పి లేచేవారు. లేచేటప్పుడు ఆయన మొహం ఓడిపోయినవాడి మొహంలా లేదని ఇమ్మానియేలుకు ఒకటి రెండుసార్లు అనిపించింది. పట్టించుకోలేదు. ఒకరోజైతే ఎద్దు పక్కనుంచి దాటి గోదాము గుమ్మం దాకా పోయాక కరెంటు పోయింది. ఇమ్మానియేలు కుర్చీ పట్టుకుని కూలబడ్డాడు. అయ్యగారు మాత్రం పైకి చూసి స్తోత్రం అన్నారు. అలవాటు కొద్దీ అన్నారనుకున్నారంతా.

లోపం దారిలో ఉందని ఇమ్మానియేలు తేల్చుకున్నాడు. ప్రతి ఆదివారం ఇరుకు దారిన పొమ్మని ఊరికి చెప్పే మనిషి ఆటలో మాత్రం వెడల్పు దారిన ఎట్లా పోతాడు? ఒక్కటే ఎంచుకోగలిగినవాడికి రెండు దారులు ఇచ్చి లాభమేమిటి? ఆ రోజే ఎద్దును ఇరుకు దారి నుంచి తోలి వెడల్పు దారిలో పెట్టించాడు. ఇరుకు దారి ఊడ్చినట్టు ఖాళీ. ఇక రేపు పెళ్ళే అనుకుని క్షవరం చేయించుకున్నాడు.

మర్నాడు అయ్యగారు చీలిక దగ్గర ఆగి, రెండు దారులూ తేరిపార చూసి, తాపీగా వెడల్పు దారి పట్టారు. ఎద్దు ఎత్తి పడేసింది.

"ఇదేందండీ అయ్యగారూ, మీరు ఇటు పోయారేంది?" అన్నాడు ఇమ్మానియేలు.

"ఇటు పోయేవాళ్ళ గతి ఎట్టుంటదో చూద్దామని," అన్నారాయన. రెండో అవకాశంలోనూ చూశారు. మూడోదాంట్లోనూ చూశారు.

ఇమ్మానియేలుకు పిచ్చి పట్టలేదు గానీ దాని గుమ్మం దాకా వెళ్ళాడు. ఎద్దును నెమ్మది చేశాడు. ఇంకా నెమ్మది చేశాడు. చివరికది నడుస్తోందో నిలబడి ఉందో తెలియాలంటే భావనారాయణ వేలు పెట్టి గుర్తు చూడాల్సి వచ్చేది. ముసలి ఎద్దయిపోయింది పాపం, అమ్మేయండి మేస్టారూ అని అతను సలహా ఇచ్చాడు. అయ్యగారు దానికంటే నెమ్మదిగా వెళ్ళి దాని కొమ్ములకే తగిలేవారు. దాని మొహం అవతలికి తిప్పాడు. ఆయన వెనకనుంచి వెళ్ళి గుద్దుకున్నారు. మూడు నెలలు దగ్గరపడుతున్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు రెబ్కాను చూసి ప్రకటన పాచిపోతుందేమో అని నవ్వుకుంటున్నారు. తెల్లచీర మడతల దగ్గర పసుపు తిరుగుతోందని భావనారాయణ గోల. ఇమ్మానియేలు ఆఖరికి తన చిన్ననాటి భయాన్నంతా చంపుకుని ఆ ఎద్దును గుంజకు కట్టేశాడు. తాడు కూడా కనపడేట్టు గీయించాడు.

ఆ మధ్యాహ్నం అయ్యగారు చీలిక దాటి, ఖాళీగా ఉన్న దారంతా వదిలేసి, పక్కకు తిరిగి, గుంజ దగ్గరికి పోయి, కట్టేసిన ఎద్దు మీద పడ్డారు. మూడుసార్లూ అంతే. ఎండ పడిందని కూడా చెప్పలేదు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని హాయిగా ఇంటికెళ్ళిపోయారు.

అప్పుడు తెలిసింది ఇమ్మానియేలుకు. ఇన్నేళ్ళుగా లెక్క కష్టమైందా తేలికైందా అని చూసుకుంటూ వచ్చాడు గానీ, చేయడం ఇష్టం లేనివాడికి ఎంత తేలిక లెక్కిచ్చినా ఒకటేనని ఆయన బుర్రకు తట్టలేదు. కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి రెబ్కా మీద గొంతు పెంచాడు. మీ నాన్న కావాలని ఓడిపోతున్నాడు, మన పెళ్ళి ఆయనకు ఇష్టం లేదు, ఆ మాట మొహాన చెప్పొచ్చుగా అన్నాడు.

రెబ్కా మఖమల్ గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"మీరంటే ఆయనకి ఇష్టమేనండీ," అంది. "పొద్దున లేవగానే కళ్ళజోడు ఎక్కడుందో ఆయనకి చెప్పేది నేను. ప్రసంగం ముందుగా వినిపించేది నాకు. నేను లేకపోతే ఎట్టా అని ఆయన నోటితో చెప్పడు. అందుకని ఎద్దుకి చెప్పుకుంటున్నాడు."

"టీచర్ల క్వార్టర్సు ఎక్కడో ఉందా? మీ ఇంటికి రెండు వీధులేగా!"

"రెండు వీధుల అవతలి నుంచి కళ్ళజోడు ఎక్కడుందో చెప్పలేనుగా."

ఇమ్మానియేలుకు కోపం ఎటుపోయిందో పోయింది. దాని చోట ఆ పెద్దమనిషి మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చి, ఈ పెళ్ళి వద్దులే అనేంత వరకూ వెళ్ళాడు. ఆ మాట అంటాడేమోనని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎద్దును తీసేద్దాం, చెప్పండి ఏ లైను కొట్టేయాలో అంది. ఆయన చెప్పాడు. ఆమె కొట్టేసింది. ఎద్దు పోయింది, గుంజ పోయింది, తాడు పోయింది.

మర్నాడు శనివారం. గడువులో మిగిలిన ఆదివారం ఒక్కటే. అయ్యగారు వేళ తప్పకుండా వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర, భావనారాయణ మూట మీద, రెబ్కా తండ్రి కుర్చీ వెనక. ఇమ్మానియేలు ఎక్కడ నిలబడాలో తెలియక కిటికీ తెర పట్టుకుని నిలబడ్డాడు. కుక్కలు అయిపోయాయి. కళ్ళం అయిపోయింది. మూడో పొలం వచ్చింది.

గంప మనిషి చీలిక దగ్గర ఆగాడు. ఇరుకు దారిలోకి కాస్త వెళ్ళి వెనక్కి వచ్చాడు. వెడల్పు దారిలోకి వెళ్ళి వెనక్కి వచ్చాడు. గట్టు పక్కన వెతికాడు. గోదాము గోడ వెనక్కి తొంగి చూశాడు. తెరంతా ఖాళీ పొలం.

"ఎద్దేదయ్యా?" అన్నారు అయ్యగారు.

"తీసేశామండీ."

ఆయన వేళ్ళు కీబోర్డు మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గంప మనిషి దారి మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎద్దు లేకపోతే నేనెట్టా ఓడిపోవాల?"

అనేశాక గాని ఏమన్నారో ఆయనకు వినపడలేదు. భావనారాయణకు నవ్వొచ్చే సందర్భమే గానీ నవ్వలేదు. గట్టిగానే ఉన్న మూట ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. హెడ్మాస్టరు గారు నాఫ్తలీన్ ఉండ ఒకటి తీసి దానికేసి పరీక్షగా చూడసాగారు.

రెబ్కా వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. "ఓడిపోవద్దులే నాన్నా. నడువు," అంది.

"నడిస్తే అయిపోద్దిగా."

"అయిపోతే ఏముందో చూద్దాం."

అయ్యగారు ఒక వేలు ఎత్తారు. దించారు. మళ్ళీ ఎత్తి మీట నొక్కారు. గంప మనిషి కదిలాడు. ఇరుకు దారే పట్టాడు. కుక్క లేదు, సుడిగాలి లేదు, ఎద్దు లేదు. ఎవరూ తరమని దారిలో అంత నెమ్మదిగా ఎవరూ నడిచి ఉండరు. గోదాము గుమ్మంలోకి గంపతో సహా వెళ్ళిపోయాడు.

తెర నల్లబడింది. ఒక మూల ఇంగ్లీషులో మూడు ముక్కలు పడ్డాయి. అయ్యగారు జేబులు తడుముకున్నారు. నెత్తి మీదే ఉంది నాన్నా అని రెబ్కా చెప్పింది. ఆయన కళ్ళజోడు దించుకుని, వాక్యం చదివినట్టు గట్టిగా చదివారు. "నో సచ్ లైన్." ఇమ్మానియేలు వైపు తిరిగారు. "ఇదేంది? ఇన్నాళ్ళు తిప్పలు పడి గెలిచినోడికి మీరిచ్చేది ఇదా?"

ఇమ్మానియేలు ఎట్లా ఓడిపోవాలన్నది ఎన్ని రకాలుగా రాశాడో లెక్కలేదు. గెలిచాక ఏమవుతుందో ఒక్క లైనూ రాయలేదు. ఆ సంగతి ఆయనకు గుర్తే లేదు. ఆఖరి లెక్క ఎవరికీ రాదన్న ధీమాతో దాని జవాబు తను కూడా ఎప్పుడూ చేసి చూసుకోని మేస్టారాయె. క్షమించండి అనడానికి నోరు తెరిచాడు గానీ రెబ్కా ముందే అందుకుంది.

"తప్పేం కాదు నాన్నా. ఇక్కణ్ణుంచి ఇంకా రాయలేదు, అంతే."

"ఎవరు రాస్తారు మరి?"

"మేం రాస్తాం. నువ్వు రోజూ వచ్చి ఆడి, ఎక్కడ కష్టమైందో ఎక్కడ తేలికైందో చెప్పాల. నువ్వు చెప్పకపోతే మాకు తెలవదు."

అయ్యగారు ఆ నల్ల తెర వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టారు. ప్రార్థన చేస్తారేమోనని హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థన చేయలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.

ఆదివారం మూడో ప్రకటన చదివారు. ఎవరికైనా ఆక్షేపణ ఉందా అని అడిగి, చాలాసేపు ఆగారు. మామూలుగా అంతసేపు ఆగరు. ఆక్షేపణ చెప్పేది ఆయనేనేమోనని సంఘమంతా తలెత్తి చూసింది. ఇమ్మానియేలు ముందు బల్ల గట్టిగా పట్టుకున్నాడు. అయ్యగారు తనలో తను ఏదో తేల్చుకున్నట్టు తల ఊపి, లేదు అన్నారు. మైకు అక్కర్లేని ఆ గొంతు వెనక వరసల దాకా రాలేదు. ఏమన్నారు, ఏమన్నారు అని వెనకవాళ్ళు ముందువాళ్ళని అడిగి తెలుసుకున్నారు.

పెళ్ళినాడు తెల్లచీర మడతల దగ్గర పసుపుగానే ఉంది. అది జరీ అని భావనారాయణ అందరికీ చెప్పాడు.

ఇమ్మానియేలు మేస్టారు ఆ బడిలోనే పనిచేసి, ఆ బడిలోనే రిటైరయ్యారు. కంప్యూటరు అంతకు చాలా ముందే పాడైపోయింది. పాడయ్యేలోపు ఆయన రాసిన ఆటల్లో నాలుగో పొలం ఒకటుంది. అందులో పొలమే లేదు. పాస్టరు గారిల్లు, రెండు వీధులు, టీచర్ల క్వార్టర్సు. కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయిన ముసలాయన ఒకడు పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి కూతురింటికి చేరాలి. దారిలో ఎద్దుండాల్సిందేనని అయ్యగారు పట్టుబట్టి పెట్టించుకున్నారు. గిట్టలు నేలకు తగలకుండా పరిగెత్తే ఎద్దు, ఇమ్మానియేలు చిన్నప్పటి ఎద్దంత భయంకరమైన ఎద్దు. మొదటి రోజు ఆడినప్పుడే ఆయన దాన్ని తప్పించుకుని ఆ రెండు వీధులూ దాటేశారు. ఆ తర్వాత కూడా ఆ ఆటలో ఆయన ఒక్కసారీ ఓడిపోలేదు.